వీధి పటం ఎవరు గీస్తారు?



మా అరక్కోణంలో రెండు భాషలూ రాయగల బడి పంతులుకు సాయంత్రం పూట ఇంకో పని ఉంటుంది. అర్జీలు రాయడం. వాళ్ళు తెలుగులో చెబుతారు, నేను తమిళంలో రాసిపెడతాను. రేషను కార్డు కావచ్చు, పట్టా మార్పు కావచ్చు, వెలగని వీధిదీపం కావచ్చు. ఆమధ్య ఒక ఆదివారం పొద్దున మా వీధి పెద్దలు నలుగురు వచ్చారు. "అయ్యవారూ, చివరి మనైలో ఫ్లాట్లు కడతారంట. ఆపమని మునిసిపాలిటీకి ఒక అర్జీ రాయండి" అన్నారు.

కారణాలు మూడు చెప్పారు. ఒకటి, మంచినీళ్ళు ఇప్పుడే చాలడం లేదు. రెండు, వానొస్తే కాలువ పొంగుతుంది. మూడోది చెప్పేటప్పుడు కొంచెం గొంతు తగ్గించారు: "ఎవరెవరో వచ్చి చేరతారు."

మొదటి రెండూ రాశాను. మూడోదాని దగ్గర కలం ఆగింది. ఎందుకు ఆగిందో చెప్పడానికే ఈ ప్రసంగం.

ఫ్లాట్లను తమిళంలో అడుక్కుమాడి కుడియిరుప్పు అంటారు. బిందె మీద బిందె పెట్టినట్టు అంతస్తు మీద అంతస్తు అన్నమాట. మా క్లాసులో ఒక తెలుగు పిల్లవాడు అది విని, "అడుక్కునేవాళ్ళ ఇల్లా సార్?" అని అడిగాడు. క్లాసంతా నవ్వింది. వాడు తెలియక అడిగాడు గానీ, పెద్దవాళ్ళ మనసులో ఉన్నది కూడా ఇంచుమించు అదే.

ఊరిని జోన్లుగా విడదీయడం కష్టమైన సంగతేమీ కాదు. బడిలో ఏ గది ఏ తరగతికో ముందే రాసి పెట్టుకుంటాం కదా, అలాగే ఇక్కడ ఇళ్ళు, అక్కడ అంగళ్ళు, అటువైపు మిల్లులు అని పటం మీద గీస్తారు. తమిళనాడులో దీనికి 1971 నాటి నగర, గ్రామ ప్రణాళికా చట్టం ఆధారం. 2019లో రాష్ట్రమంతటికీ ఉమ్మడి భవన నిర్మాణ నియమాలు వచ్చాయి. వాటి ప్రకారం మామూలు భవనానికి స్థలానికి రెండింతల వరకు కట్టుబడి విస్తీర్ణం ఉండవచ్చు. ఒక గ్రౌండు, అంటే 2,400 చదరపు అడుగుల మనైలో 4,800 అడుగుల దాకా. ఆరేడు చిన్న కాపురాలు సర్దుకోవచ్చు. రోడ్డు వెడల్పు, చుట్టూ వదలవలసిన ఖాళీ, బండ్లు నిలిపే చోటు సరిగా ఉన్నాయా అని మునిసిపాలిటీ చూస్తుంది. లోపల ఉండబోయేవాళ్ళు ఎవరని చూడదు. కనుక మా పెద్దల అర్జీలో నీళ్ళకూ కాలువకూ విలువ ఉంది. మూడోదానికి లేదు.

రాష్ట్రం ఒకటి అంటే వీధి ఇంకొకటి అనడం మన దగ్గరే పుట్టిన తగవు కాదు. మీ బంధువుల పిల్లలు ఎవరైనా అమెరికాలో న్యూజెర్సీలో ఉంటే అడిగి చూడండి. ఆ రాష్ట్రంలో మౌంట్ లారెల్ అనే ఊరు ఉంది. అక్కడ తరతరాలుగా ఉన్న నల్లజాతి పేదలు 36 చిన్న ఫ్లాట్లు కట్టుకుంటామని అడిగితే, ఒక్కో స్థలంలో ఒక్కో కుటుంబానికే ఇల్లు అన్న నియమం చూపించి ఊరు కాదంది. వాళ్ళు కోర్టుకు వెళ్ళారు. 1975లో ఆ రాష్ట్ర సుప్రీం కోర్టు, ఎదుగుతున్న ప్రతి ఊరూ తక్కువ ఆదాయం వాళ్ళ ఇళ్ళకు తన వంతు చోటు ఇవ్వాల్సిందేనని తీర్పు చెప్పింది. ఊళ్ళు దిగిరాలేదు. 1983లో మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. మౌంట్ లారెల్‌లో ఆ ఇళ్ళలోకి జనం చేరింది 2000లో. పోరాటం ముందుండి నడిపిన ఎథెల్ లారెన్స్ అనే ఆవిడ 1994లోనే కన్నుమూసింది. ఆ ఇళ్ళకు ఆమె పేరే పెట్టారు. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం వారు తర్వాత పరిశీలించి 2013లో పుస్తకం వేశారు: చుట్టుపక్కల దొంగతనాలు పెరగలేదు, ఇళ్ళ ధరలు పడిపోలేదు, పన్నులు పెరగలేదు.

మన తెలుగు నేల మీద జరిగింది ఇంత తేలికగా తేలేది కాదు. అమరావతి ఆర్-5 జోను మాట వార్తల్లో వినే ఉంటారు.

2015 నుంచి రాజధాని కోసం గుంటూరు జిల్లా రైతులు, 28 వేల మందికి పైగా, సుమారు 33 వేల ఎకరాలు ఇచ్చారు. భూమి ధరను డబ్బుగా తీసుకోలేదు. మెట్ట ఎకరానికి 1,000 గజాల ఇంటి స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం తిరిగి ఇస్తామన్న మాట మీద ఇచ్చారు. ఆ మాటకు హామీ ఏమిటి? ఒక పటం. మాస్టర్ ప్లాను. అందులో నివాసాలకు ఆర్-1 నుంచి ఆర్-4 దాకా నాలుగు జోన్లు గీశారు. 2014 నాటి రాజధాని చట్టంలోనే, సమీకరించిన భూమిలో ఐదు శాతం పేదల ఇళ్ళకు అని రాసి ఉంది. కానీ దానికంటూ పటంలో వేరే జోను గీయలేదు. అసలు చిక్కు ఇక్కడే ఉందని నాకు తోస్తుంది.

ప్రభుత్వం మారింది. 2022లో చట్టం సవరించారు. 2023 మార్చిలో దాదాపు 900 ఎకరాలను ఆర్-5 అని కొత్తగా చేర్చారు. ఇంకొంత కలిపి మొత్తం 1,400 ఎకరాలలో గుంటూరు, ఎన్టీఆర్ జిల్లాల 50,793 కుటుంబాలకు తలా ఒక సెంటు, అంటే 48 గజాలు. రైతులు కోర్టుకు వెళ్ళారు. పట్టాలు ఇవ్వవచ్చు గానీ అవి చివరి తీర్పుకు లోబడి ఉంటాయని మే 17న సుప్రీం కోర్టు అన్నది. మే 26న వెంకటపాలెంలో పట్టాలు పంచారు. జూలై 24న ఇళ్ళకు శంకుస్థాపన చేశారు. ఆగస్టు 3న హైకోర్టు కట్టుబడి ఆపివేసింది.

రైతులను తప్పు పట్టగలమా? తమ ప్లాట్లే అప్పటికి ఇంకా చేతికి రాలేదు. ఏ పటం చూసి పొలం వదులుకున్నారో ఆ పటాన్ని తమను ఒప్పించకుండా మార్చారు. మరి పట్టా అందుకున్న కుటుంబాన్ని తప్పు పట్టగలమా? విజయవాడలో ఒక్క గదికి అద్దె కట్టుకుంటూ బతికేవాళ్ళు, జీవితంలో మొదటిసారి తమ పేరు మీద కాగితం చూసుకున్నారు. కాగితం మిగిలింది, గోడ లేవలేదు. రైతులకు కోర్టులో వాదించే వకీళ్ళు ఉన్నారు, ప్రభుత్వానికీ ఉన్నారు. ఆ యాభై వేల కుటుంబాల పేరు రెండు పక్షాలూ వాడుకున్నాయి. వాళ్ళను కూర్చోబెట్టి, సెంటు స్థలంలో సంసారం సాగుతుందా, పని దొరికే చోటుకు ఎంత దూరం అని అడిగినవాళ్ళు తక్కువ. ఐదు శాతం చోటును మొదటి పటంలోనే, అన్ని ఊళ్ళలోనూ తలా కొంచెం గీసి ఉంటే, సంతకం పెట్టే రోజునే రైతుకు తెలిసేది. అప్పుడు అది ఒప్పందంలో భాగం అయ్యేది. ఆలస్యంగా, ఒకే చోట, ఒకేసారి వచ్చింది కాబట్టి శిక్షలాగా కనిపించింది.

ఇది మనకెందుకంటే, 2022లో చెన్నై మహానగర ప్రాంతాన్ని 1,189 చదరపు కిలోమీటర్ల నుంచి 5,904కు పెంచినప్పుడు మన రాణిపేట జిల్లాలో కొంత భాగాన్నీ కలిపారు. పొద్దున రైలెక్కి చెన్నైలో పనిచేసి రాత్రికి తిరిగొచ్చేవాళ్ళు మన ఊరి నిండా ఉన్నారు. వాళ్ళకు అద్దె ఇళ్ళు కావాలి. పటాలు గీసేటప్పుడు ముసాయిదా ప్రకటించి అభ్యంతరాలు చెప్పమంటారు. ఆ కాగితం ఆఫీసు గోడ మీద ఉన్నన్నాళ్ళూ ఎవరూ చూడరు. ఇటుకల లారీ దిగిన రోజున అర్జీ పట్టుకుని నా దగ్గరికి వస్తారు.

ఆ ఆదివారం నేను పెద్దలతో అన్నాను: "నీళ్ళ కనెక్షనుకు తొట్టి ఎంత పెడతారో, మురుగు ఎక్కడికి వదులుతారో కట్టకముందే చూపించమని రాస్తాను. కాలువ వెడల్పు చేయమని రాస్తాను. ఎవరెవరో అన్నది మాత్రం రాయను. ఇరవై ఏళ్ళ క్రితం నేనూ ఈ వీధికి అద్దెకు వచ్చినవాణ్ణే."

ఒకాయన నవ్వాడు. ఇంకొకాయన నవ్వలేదు. రెండు కారణాల అర్జీ మీద ముగ్గురు సంతకం చేశారు. నాలుగో ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఇంకెవరి చేతనైనా రాయించుకుంటానని వెళ్ళిపోయాడు.