కళాశాలలో దొరకు ఉద్యోగపు ఉత్తరము

ఇంజనీరింగు చదువుచున్న బిడ్డ లేని గ్రామము మన బైరెడ్డిపల్లె ప్రాంతమున ఇప్పుడు అరుదు. రైతులు తమ బిడ్డలను కుప్పము కళాశాలకును, మదనపల్లె సమీపమున అంగళ్లులో 1998లో వెలసిన ఎం.ఐ.టి.ఎస్. కళాశాలకును, ఇంకను దూరమునకును పంపుచున్నారు. బిడ్డకు 'క్యాంపసు సెలక్షను' అయినదని తెలిసినంతనే ఇంట పండుగ యగును. మరునాడే అప్పు మాట, పెండ్లి మాట బయలుదేరును. ఆ ఉత్తరమునకు ఎంత విలువ కట్టవలెనో సభ్యులు తెలిసికొనుట మంచిదని దీనిని వ్రాయుచున్నాము.

బిడ్డ తుది సంవత్సరమున నుండగనే కంపెనీవారు కళాశాలకు వచ్చి, వ్రాతపరీక్ష పెట్టి, నెగ్గినవారిని పిలిచి మాటాడి, కొందరిని ఏరుకొందురు. పెక్కు కంపెనీలవారు పదవ తరగతి మొదలుకొని నూటికి 60 మార్కులు కోరుదురు. తప్పిన పరీక్షలు మిగిలియున్నవారిని కూర్చుండనీయరు. కనుక నాలుగవయేట మేలుకొనిన ప్రయోజనము లేదు. మన పల్లెబిడ్డలు లెక్కలలో నెగ్గి, ఇంగ్లీషున మాటాడుచోట తడబడుట మేము పలుమారు చూచితిమి. అది తెలివితక్కువ కాదు, అలవాటు తక్కువ. మొదటియేటినుండి దినమునకు అరగంట తోడివారితో మాటాడిన తీరును.

ఈ ఏరిక మామిడితోట గుత్తవంటిది. పూతదశలో వ్యాపారి వచ్చి, తోట చూచి, బయానా ఇచ్చిపోవును. కాయ కోయునాటికి ధర యెట్లుండునో ఎవ్వరెరుగుదురు? ఇచ్చట బయానా కూడ లేదు. ఉత్తరము అందుటకును పనిలో చేరుటకును నడుమ ఎన్నో నెలలు గడచును. ఏటికి 6½ లక్షలని చెప్పి నిలిపియుంచిన పట్టభద్రులను, 3½ లక్షలకు సమ్మతింతురా యని విప్రో కంపెనీవారు 2023 ఫిబ్రవరిలో అడిగిరి. 2022లో చదువు ముగించి ఇన్ఫోసిస్ ఉత్తరములు పొందిన పలువురు 2024 వరకు వేచియుండవలసివచ్చెను. చేరిన పిదప శిక్షణ పరీక్షలలో నెగ్గలేదని ఆ కంపెనీవారే 2025 ఫిబ్రవరిలో మైసూరునుండి మున్నూరుమందికి పైగా పంపివేసిరి. వీరు మోసగాండ్రు కారు, పెద్ద కంపెనీలవారు. అమెరికా, ఐరోపాలనుండి వచ్చు పని తగ్గినపుడు ఇచ్చట చేరికలు ఆగును.

జీతపు లెక్కయు చూడవలెను. ఏటికి 3½ లక్షలనగా నెలకు 29,000 పైచిలుకని సంతోషింతుము. కంపెనీవారు భవిష్యనిధికి కట్టు సొమ్మును, తరచుగా గ్రాట్యుటీని కూడ అందులోనే కలిపి చెప్పుదురు. బిడ్డ వంతు నిధియు జీతమునుండి కోతపడును. బెంగుళూరున గది అద్దె, భోజనము పోగా మొదట ఇంటికి వచ్చునది స్వల్పమే.

కావున ఉత్తరమును నమ్మి చేను కుదువబెట్టుటగాని, వడ్డీవ్యాపారికి ప్రామిసరీ నోటు వ్రాయుటగాని కూడదని మా అభిప్రాయము. చదువునకు 4 లక్షల వరకు ఇచ్చు ఋణమునకు బ్యాంకువారు తనఖా అడుగరాదు. చదువు ముగిసిన పిదప సాధారణముగా ఒక యేడు వరకు వాయిదాలు కట్టనక్కరలేదు. వడ్డీ మాత్రము ఆ కాలమునను పెరుగుచునే యుండును. ఈ మాట బ్యాంకులో కొంచెము మెల్లగా చెప్పుదురు!

ఉద్యోగమిచ్చుటకు డిపాజిట్టనియు, శిక్షణ రుసుమనియు పైకమడిగినవారికి ఒక్క రూపాయియైనను ఇవ్వరాదు. అసలు సర్టిఫికెట్లను ఎవ్వరికిని అప్పగింపరాదు. ఎన్నాళ్లు పనిచేయవలెనో, ముందే మానిన ఎంత చెల్లింపవలెనో, బాండుపై సంతకమునకు ముందే చదువవలెను. ఈ కాగితములన్నియు ఇంగ్లీషుననే యుండును. సభ్యులు వానిని సంఘ కార్యాలయమునకు తెచ్చినచో, మేము క్యాంపు వచ్చిన దినమున చదివి అర్థము చెప్పెదము.