సరస్సు ప్రభావ హిమపాతంలో మెరుపులు – వాతావరణ కారణాలు

ఉరుములు, మెరుపులు వేసవి క్యుములోనింబస్ మేఘాలకే పరిమితమనే భావన సర్వసాధారణం. అయితే ఉత్తర అమెరికాలోని ఈరీ, ఒంటారియో సరస్సుల తూర్పు తీరాలలో మంచు కురుస్తుండగానే పిడుగులు పడిన సందర్భాలు అనేకం.

హిమపాతం ఏర్పడే విధానం

శరదృతువు చివరి నుండి కెనడా వైపు చలిగాలులు, వేసవి వేడిని ఇంకా నిలుపుకొన్న సరస్సుల మీదుగా వీస్తాయి. నీటి ఉపరితలానికి, సుమారు 1.5 కి.మీ. ఎత్తులోని గాలికి మధ్య ఉష్ణోగ్రతా భేదం 13 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకు మించినప్పుడు గాలి అస్థిరత పొంది, వేడిని, తేమను గ్రహించి పైకి లేస్తుంది. గాలి సరస్సు పొడవు వెంబడి వీచినప్పుడు ఇరుకైన, బలమైన మేఘపట్టీ రూపొందుతుంది.

విద్యుదావేశం

మెరుపునకు మేఘంలో మంచు స్ఫటికాలు, గ్రాపెల్ అనే మెత్తని మంచు గుళికలు, సున్నా డిగ్రీల కంటే చల్లబడినా గడ్డకట్టని నీటి బిందువులు ఒకేచోట ఉండాలి. స్ఫటికాలు, గుళికలు ఢీకొన్నప్పుడు ఆవేశం మార్పిడి జరుగుతుంది. తేలికైన స్ఫటికాలు పైకి చేరగా, బరువైన గుళికలు దిగువన ఉండిపోవడంతో ఆవేశాలు వేరుపడతాయి. ఈ ప్రక్రియ ప్రధానంగా మైనస్ 10 నుండి మైనస్ 20 డిగ్రీల పొరలో జరుగుతుంది.

ఈ మేఘాల ఎత్తు వేసవి మేఘాల ఎత్తులో సగం కూడా ఉండదు. కావున మైనస్ 10 డిగ్రీల పొర ఏ ఎత్తులో ఉన్నదనేదే కీలకం. నడి శీతాకాలంలో ఆ పొర నేలకు దగ్గరగా దిగుతుంది. గడ్డకట్టని నీరు తగ్గి, మంచు కురిసినా మెరుపు అరుదవుతుంది. సీజను తొలి దశలో ఆ పొర ఎత్తుగా ఉండి, సరస్సు వెచ్చగా ఉండడం వల్ల మెరుపులకు అవకాశం ఎక్కువ. జపాన్ సముద్రతీరపు శీతాకాల మెరుపులలోనూ ఇదే సూత్రం కనిపిస్తుంది.

వ్యవసాయ ప్రాధాన్యత

2006 అక్టోబరు 12–13 తేదీలలో బఫెలో నగరంలో ఉరుములతో సుమారు 57 సెం.మీ. మంచు కురిసింది. అప్పటికి చెట్లు ఆకు రాల్చకపోవడంతో తడిమంచు బరువుకు కొమ్మలు విస్తారంగా విరిగాయి. ఈరీ తీరపు ద్రాక్షతోటలను శరత్కాలపు మంచుదెబ్బ నుండి కాపాడేదీ, ఈ తుపానుకు శక్తినిచ్చేదీ సరస్సులోని అదే వేడి.

కురిసే మంచు ఉరుము ధ్వనిని అణచివేయడం వల్ల అది కొద్ది కిలోమీటర్ల దూరం వరకే వినిపిస్తుంది. అందువల్ల ఉరుము వినిపించిందంటే పిడుగు సమీపంలోనే ఉన్నదని గ్రహించి, ఆరుబయట ఉన్నవారు వెంటనే భవనంలోకి గాని, మూసిన వాహనంలోకి గాని చేరాలి. హిమపాత సూచనలో కురిసే మంచు పరిమాణంతో పాటు సరస్సు నీటి ఉష్ణోగ్రతను, మైనస్ 10 డిగ్రీల పొర ఎత్తును కూడా పరిశీలించినప్పుడే పిడుగు హెచ్చరిక సకాలంలో అందుతుంది.