బడి వదిలినా బరువు దిగడం లేదా?

బడి నుంచి వచ్చి రెండు గంటలైనా తల దిమ్ముగా ఉంటోందా? ఇంట్లో పిల్లవాడు ఏదో అడిగితే కసురుకుంటున్నారా? రాత్రి పక్కమీద వాలాక క్లాసులో జరిగిందే కళ్ళముందు తిరుగుతోందా? మీరు ఉపాధ్యాయులైనా, ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చేవారైనా, టానిక్కు కొనేముందు కారణం తెలుసుకోండి.

రోజంతా నిలబడి, 40 మందికి వినబడేలా గొంతెత్తి మాట్లాడితే ఒళ్ళు అలుస్తుంది. ఆ అలసట భోజనంతో, నిద్రతో తీరుతుంది. అలా తీరనిది మరొకటుంది. ఎప్పుడూ ఓపిక లేకపోవడం, పనంటేనే విసుగు, ‘నేను చెప్పి ఏం లాభం’ అనే నిస్పృహ – ఈ మూడూ కలిసిన స్థితిని ‘బర్నౌట్’ అంటారు. ఇది జబ్బు కాదనీ, ఉద్యోగంలో ఎడతెగని ఒత్తిడి వల్ల వచ్చే స్థితి అనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో వివరించింది.

‘రోజూ దాని గురించే ఆలోచిస్తున్నానండీ’ అంటారు చాలామంది. కుమిలిపోవడం వేరు, ఆలోచించడం వేరు. ‘నాకు చెప్పడం చేతకాదు’ అనుకుంటే అది తీర్పు. ‘భిన్నాల లెక్క దగ్గర వెనక బెంచీవాళ్ళు రాయడం ఆపేశారు’ అనుకుంటే అది పరిశీలన. మొదటిది నిద్ర చెడగొడుతుంది. రెండోది రేపు ఏం చెయ్యాలో చెబుతుంది.

ఇందుకు మన సికిందరాబాదులోనే మంచి ఉదాహరణ ఉంది. మలేరియా గుట్టు తెలుసుకోవాలని డాక్టర్ రోనాల్డ్ రాస్ 1895 నుంచి దోమలను కోసి సూక్ష్మదర్శినిలో చూశారు. రెండేళ్ళు ఫలితం లేదు. ఆయన చూస్తున్నవి మనుషుల మలేరియాను మోసే జాతి దోమలు కావు. మరో జాతి దోమను కోసి చూశాక, 1897 ఆగస్టు 20న ఇక్కడే దాని పొట్టగోడలో మలేరియా క్రిమి కనిపించింది. లోపం చూసే కంటిలో లేదు, ఎంచుకున్న దోమలో ఉంది!

మీరూ అలాగే చూడండి. బడి వదిలాక, ఇంటికి బయలుదేరేముందు పది నిమిషాలు కూర్చుని నోటుబుక్కులో మూడు ముక్కలు రాయండి: ఇవాళ పిల్లలకు ఏది పట్టుబడింది? ఎక్కడ ఆగిపోయారు? రేపు ఏ ఒక్కటి మార్చి చూస్తాను? రాశాక పుస్తకం మూసి బడిలోనే ఉంచండి. వారానికోసారి నమ్మకమైన తోటి టీచరుతో చెప్పుకోండి.

ఇతరుల పాఠాలు గమనించి సలహా చెప్పేవారు ముందు ‘మీకేమనిపించింది?’ అని అడగండి. పది లోపాలు ఏకరువు పెట్టకుండా ఒక్కటే ఎంచుకోండి. అందరికీ చెప్పే మీ మంచిచెడ్డలు అడిగేవారు తక్కువ. కనుక ఆ నోటుబుక్కు మీకూ అవసరమే.

గొంతు బొంగురు మూడు వారాలకు మించితే చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించండి. దిగులు, నిద్రలేమి రెండు వారాలైనా తగ్గకపోతే నోటుబుక్కుతో సరిపెట్టుకోకండి. డాక్టరును కలవండి. ప్రభుత్వ ‘టెలి మానస్’ సేవకు 14416 నంబరుకు ఉచితంగా ఫోను చెయ్యవచ్చు. సాయం అడగడం చేతకానితనం కాదు. పిల్లలకు మీరు రోజూ చెప్పేది అదేగా!