పగిలే చర్మానికి ఇంటి మందు: ముందు తడి, ఆపైన నూనె

వల్లూరు (పావగడ): సంక్రాంతి దగ్గర పడేసరికి మన వైపు గాలి మారిపోతుంది. తెల్లవారుజామున చలి, పదింటికల్లా చురుక్కుమనే ఎండ, రోజంతా తేమ లేని పొడిగాలి. మోచేతులు బూడిద పూసినట్లు తెల్లబారతాయి. పెదాలు చిట్లుతాయి. మడమలు నెర్రెలు బారిన చెరువు మట్టిలా చీలి, అడుగు తీసి అడుగు వేస్తే చాలు చురుక్కుమంటాయి. అంగడికి పోయి క్రీము డబ్బా తెచ్చుకుంటే పది రోజుల్లో ఖాళీ. ఇంట్లో నలుగురుంటే ఆ ఖర్చు కూలి డబ్బుల్లోంచే పోవాలి.

ఆ అవసరం లేకుండానే మన ముందు తరాలవాళ్లు చలికాలాలు గడిపారు. ఆముదం, నువ్వుల నూనె, వెన్న, నెయ్యి, పెసరపిండి వాళ్ల దగ్గరున్న సరంజామా. వాటిలో చాలావరకు నేటికీ పనికొచ్చేవే. అయితే ఏది ఎప్పుడు రాయాలి, ఏది ఎన్నాళ్లు నిల్వ ఉంటుంది, ఏది అసలు ముట్టుకోకూడదు అన్నది తెలిసి వాడితేనే ఫలితం.

గట్ల మీది ఆముదం ఏమైంది?

వేరుశనగ సాళ్ల మధ్య, గట్ల వెంబడి నాలుగు ఆముదం చెట్లు వేసుకోవడం ఈ మెట్ట ప్రాంతపు పాత అలవాటు. కాయలు ఎండాక ఇంట్లోనే నూనె తీసుకునేవారు. తిరుమణి, వల్లూరు, బాలసముద్ర, క్యాతగానచెర్లు, రాయచెర్లు ఊళ్ల పరిధిలో దాదాపు 13 వేల ఎకరాల్లో సోలార్ పార్కు వచ్చింది. 2018 మార్చిలో ప్రారంభమైన ఈ పార్కు సామర్థ్యం 2,050 మెగావాట్లు. భూములు అమ్మకుండా కౌలుకిచ్చిన రైతులకు ఎకరాకు ఏటా 21 వేల రూపాయలతో మొదలుపెట్టి డబ్బు అందుతోంది. కానీ పలకలు పరిచిన చోట శెనక్కాయ పంట లేదు, దాంతోపాటు గట్టు మీది ఆముదమూ లేదు. చేలో పని పోయిన ఆడవాళ్లలో కొందరు అక్కడే గడ్డి కోసే పనికి, పలకలు శుభ్రం చేసే పనికి వెళ్తున్నారు. ఎండా దుమ్మూ మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయి. నూనె ఒక్కటే ఇప్పుడు కొనుక్కోవాల్సి వస్తోంది.

చర్మం ఎందుకు పగులుతుంది?

చర్మం పైపొరను ఇటుక గోడతో పోల్చవచ్చు. ఎండిన కణాలు ఇటుకలైతే, వాటి మధ్య ఉండే కొవ్వు సున్నం లాంటిది. ఈ కొవ్వు లోపలి నీటిని బయటకు పోనివ్వదు. పొడిగాలి, మరీ వేడినీళ్లు, ఘాటు సబ్బు కలిసి ఈ కొవ్వును కరిగించేస్తాయి. నీరు ఆవిరైపోతుంది, పొర పెళుసై చీలుతుంది. వయసు పెరిగేకొద్దీ ఒంట్లో నూనె ఊరడం కూడా తగ్గుతుంది. ముసలివాళ్లకు చలికాలంలో దురద ఎక్కువయ్యేది అందుకే.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. పూర్తిగా ఎండిన చర్మం మీద నూనె రాస్తారు. నూనెలో నీరుండదు. అది చర్మానికి నీళ్లివ్వదు, ఉన్న నీటిని పోకుండా మూతపెడుతుందంతే. కాబట్టి స్నానం కాగానే టవలుతో అద్దుకుని, ఒళ్లు ఇంకా చెమ్మగా ఉండగానే, రెండు మూడు నిమిషాల్లో నూనె రాయాలి. చారెడు నూనెతో కానిది అప్పుడు చెంచాడు నూనెతో అవుతుంది.

మన బోరు నీళ్లకూ ఇందులో వాటా ఉంది. సబ్బు నురగ రాని గట్టి నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెల్లటి జిడ్డుగా మారి ఒంటిని అంటుకుంటాయి. కడిగినా పోదు, దురద పెడుతుంది. తాలూకా నీళ్లలోని ఫ్లోరైడు పళ్లకు, ఎముకలకు చేసే చేటు వేరే సంగతి. చర్మం విషయంలో చూడాల్సింది నీళ్ల గట్టిదనం, సబ్బు వాడకం. చంకలు, గజ్జలు, పాదాలకు సబ్బు వాడి, మిగతా ఒంటికి మెత్తటి పెసరపిండి రుద్దుకుంటే మేలు. పిండి గరుకుగా ఉంటే పొడిచర్మం గీసుకుపోతుంది. జల్లెడ పట్టి వాడండి. నీళ్లు గోరువెచ్చగా ఉంటే చాలు.

వంటాముదం తీయడం ఇలా

బడిలో హరళెణ్ణె అని చదువుకున్న పిల్లలకు కూడా ఇంట్లో అది ఆముదమే. గానుగలో పచ్చిగా తీసింది ఒక రకం, ఇంట్లో ఉడికించి తీసేది వంటాముదం. గింజల్లో దాదాపు సగం బరువు నూనే. ఇంటి పద్ధతిలో అంతా చేతికి రాదు కానీ, వచ్చింది చిక్కగా ఉంటుంది.

ఎండిన గింజలను సన్నటి సెగ మీద మాడకుండా వేయించాలి. చల్లారాక రోట్లో మెత్తగా దంచాలి. ఈ ముద్దను దానికి మూడు నాలుగు రెట్ల నీళ్లలో వేసి, అడుగంటకుండా కలుపుతూ గంటకు పైగా ఉడికించాలి. నూనె పైకి తేలుతుంది. గరిటెతో తీసి వేరే గిన్నెలో వేసి మళ్లీ సన్నసెగ మీద పెట్టాలి. చిటపటలు ఆగాయంటే నీళ్లు ఇగిరినట్లు. గుడ్డలో వడకట్టి పొడి సీసాలో పోసుకోవాలి.

ఒక హెచ్చరిక. ఆముదం గింజలో రిసిన్ అనే విషం ఉంటుంది. అది నూనెలోకి దిగదు, ఉడికిస్తే చాలావరకు చచ్చిపోతుంది. అయినా మిగిలిన పిప్పిని మేకలకు, గొడ్లకు పెట్టకండి. దూరంగా గుంత తీసి పూడ్చండి. గింజలు నమిలితే పసిపిల్లలకు ప్రాణం మీదికొస్తుంది. దంచిన రోలును, రోకలిని బాగా కడిగాకే వేరే పనికి వాడాలి. వాటిని విడిగా ఉంచుకుంటే మరీ మంచిది.

ఒట్టి ఆముదం బంకలా అంటుకుంటుంది. ఒంటికి రాసుకోవాలంటే ఒక వంతు ఆముదానికి మూడు వంతుల కొబ్బరి నూనో, నువ్వుల నూనో కలపండి. శనిమహాత్ముడి గుళ్లో దీపానికి పోసే నువ్వుల నూనె అని పేరు పెట్టి, నాసిరకం దీపపు నూనె తెచ్చి ఒంటికి రాయొద్దు. తినడానికి వాడే నూనే ఒంటికీ వాడాలి.

మడమలకు మైనం మలాం

కావలసినవి: తేనె మైనం 20 గ్రాములు, కొబ్బరి లేదా నువ్వుల నూనె 60 గ్రాములు, ఆముదం 20 గ్రాములు. మైనం తేనెపట్టు పిండేవాళ్ల దగ్గర దొరుకుతుంది. కొవ్వొత్తి మైనం దీనికి పనికిరాదు.

పెద్ద గిన్నెలో నీళ్లు మరగబెట్టి, అందులో చిన్న గిన్నె నిలిపి మైనం, నూనెలు వేయండి. నేరుగా మంట మీద పెట్టొద్దు, నూనె అంటుకునే ప్రమాదం ఉంది. మైనం 62-64 డిగ్రీల దగ్గర కరుగుతుంది కాబట్టి నీళ్ల వేడి సరిపోతుంది. అంతా కరిగాక ఒక చుక్క చల్లటి పళ్లెం మీద వేసి చూడండి. మరీ గట్టిగా ఉంటే నూనె, జారుగా ఉంటే మైనం కొంచెం కలపండి. వేసవిలో చేసుకునేవాళ్లు మైనం ఇంకొంచెం పెంచుకోవాలి. పొడిగా ఉన్న డబ్బాలో పోసి చల్లారనివ్వండి.

ఇందులో నీటిచుక్క లేదు కాబట్టి బూజు పట్టదు, రెండు మూడు నెలలు నిల్వ ఉంటుంది. తడివేళ్లు పెడితే మాత్రం పాడవుతుంది. రాత్రి పది నిమిషాలు గోరువెచ్చటి నీళ్లలో కాళ్లు నానబెట్టి, అద్ది, చెమ్మ మీదనే మలాం రాసి నూలు మేజోళ్లు వేసుకుని పడుకోండి. మలాం కాళ్లతో నున్నటి బండల మీద నడవకండి, జారి పడతారు. పగుళ్లను బ్లేడుతో కోసుకోవడం అసలే వద్దు.

నూరుసార్లు కడిగిన నెయ్యి

ఆయుర్వేదంలో శతధౌత ఘృతం అంటారు. పేరు పెద్దదే కానీ పని తేలిక. రాగి పళ్లెంలో 50 గ్రాముల ఆవునెయ్యి వేసి, కాచి చల్లార్చిన నీళ్లు కొంచెం పోసి చేత్తో రుద్దాలి. ఆ నీళ్లు వంచేసి మళ్లీ కొత్త నీళ్లు. ఇలా నూరుసార్లు చేస్తే పచ్చటి నెయ్యి వాసన తగ్గి, వెన్నలా తెల్లగా, నురగలా మెత్తబడుతుంది. నెయ్యిలోకి నీరు చేరి నిజంగానే క్రీముగా మారుతుందన్నమాట. పెదాలకు, బుగ్గలకు హాయిగా ఉంటుంది. ఇందులో నీరుంది కాబట్టి కొంచెం కొంచెమే చేసుకుని చల్లటి చోట పెట్టి వారంలో వాడేయాలి.

కలబందకూ ఇదే సూత్రం. మట్ట కోసి పావుగంట నిలబెడితే పసుపు రంగు పాలు కారిపోతాయి. ఆ పాలు దురద పెడతాయి. తర్వాత కడిగి, తోలు తీసి, లోపలి గుజ్జు రాయాలి. గుజ్జు దాదాపు అంతా నీరే. ఒక్కటే రాసి వదిలేస్తే ఆరిపోయి చర్మం బిగుస్తుంది. దాని మీద నాలుగు చుక్కల నూనె పడాలి. మందుల షాపులో దొరికే గ్లిజరిన్ కూడా ఒట్టిది రాయొద్దు. పొడిగాలిలో అది చర్మం లోపలి తడినే లాగుతుంది. ఒక చెంచాకు రెండు మూడు చెంచాల పన్నీరు కలిపి, ఏ పూటకా పూట చేసుకోండి.

నూనెలన్నీ ఒకటి కావు

ఇంటి నూనెలు పనిచేస్తాయా అన్నదాన్ని డాక్టర్లు కూడా పరీక్షించి చూశారు. 2004లో ఫిలిప్పీన్స్‌లో పొడిచర్మం ఉన్న 34 మందికి కొందరికి కొబ్బరినూనె, కొందరికి మినరల్ ఆయిల్ ఇచ్చి చూస్తే రెండూ సమానంగా పనిచేశాయి. బంగ్లాదేశ్‌లో నెలలు నిండకుండా పుట్టి ఆస్పత్రిలో ఉన్న శిశువులకు పొద్దుతిరుగుడు నూనె రాస్తే ఇన్‌ఫెక్షన్లు తగ్గాయని 2005లో తేలింది. మరోపక్క, ఖరీదైన ఆలివ్ నూనె పైపొరను దెబ్బతీస్తుందని 2013లో వచ్చిన అధ్యయనం చెప్పింది. ధర ఎక్కువైతే మేలు ఎక్కువని కాదు.

శెనగనూనె గురించి మనవాళ్లు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. ఇది వేరుశనగ సీమ, గానుగ నూనె ఇంట్లో ఉండనే ఉంటుంది. పెద్దవాళ్ల ఆరోగ్యవంతమైన చర్మానికి రాస్తే భయం లేదు. కానీ గజ్జి, తామర, ఎర్రటి దద్దుర్లు ఉన్న పసిపిల్లలకు రాయొద్దు. దద్దుర్లున్న చర్మానికి వేరుశనగ నూనె కలిసిన క్రీములు రాసిన పిల్లల్లో తర్వాత వేరుశనగ అలర్జీ ఎక్కువగా కనిపించినట్లు 2003లో బ్రిటన్ పిల్లల మీద జరిగిన అధ్యయనం తెలిపింది. పిల్లల చెవుల్లో, ముక్కుల్లో ఏ నూనే పోయకండి.

నూనె ఎండను ఆపదు. ఎండలో పనికెళ్లేవాళ్లకు నిండు చేతుల చొక్కా, తలగుడ్డే రక్ష. పగలు నూనె రాస్తే దుమ్మంతా అంటుకుంటుంది. వాళ్లు రాత్రిపూట రాసుకోవడం మేలు.

తెల్లబరిచే డబ్బాలతో జాగ్రత్త

నిమ్మరసం, టూత్‌పేస్టు, వంటసోడా ముఖానికి రాయొద్దు. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్తే బొబ్బలెక్కి నల్లమచ్చలు పడతాయి.

వీటికన్నా పెద్ద ప్రమాదం పేరూ ఊరూ సరిగ్గా లేని తెల్లబరిచే క్రీములు. కొన్నింటిలో పాదరసం ఉంటుంది, అది కిడ్నీలకు చేటు. స్టెరాయిడ్ కలిసినవి మొదటి వారం నిగారింపు చూపించి, వాడగా వాడగా తోలు పలచబడి, ముఖం ఎర్రబారి, వెంట్రుకలు మొలిచేలా చేస్తాయి. 2018 మార్చిలో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని నిబంధన తెచ్చింది. చీటీ లేకుండా పక్కింటివాళ్ల ట్యూబు తెచ్చి రాసుకునే అలవాటు మానుకోవాలి. చర్మానికి కావలసింది తేమ. రంగు మారాల్సిన పని లేదు.

ఎప్పుడు డాక్టరు దగ్గరికి?

చక్కెర జబ్బు ఉన్నవాళ్ల మడమ చీలితే ఇంటి మందుతో కాలయాపన వద్దు. స్పర్శ తగ్గిన కాలికి పుండు పడ్డా తెలియదు. పగులులో రక్తం, చీము, వాపు ఉన్నా, దురద రాత్రిళ్లు ఇంటిల్లిపాదికీ ఉన్నా, రెండు వారాలైనా తగ్గకపోయినా ఆస్పత్రికి వెళ్లాలి. ఏ కొత్త నూనైనా, మలామైనా ముందు మోచేతి లోపల కొంచెం రాసి ఒక రోజు చూడండి. మంట, దద్దు లేకపోతేనే ఒంటికి వాడండి.

ఇవి గుర్తుంచుకోండి

- ఒళ్లు చెమ్మగా ఉండగానే నూనె రాయాలి.
- నీరు లేని మలాం నెలలు ఉంటుంది. నీరు కలిసింది రోజుల్లోనే పాడవుతుంది.
- వాసన మారినా, బూజు చుక్క కనిపించినా పారేయాలి.
- గోరువెచ్చటి నీళ్లు, తక్కువ సబ్బు.
- డబ్బా మీద చేసిన తేదీ రాసి పెట్టుకోవాలి.

చేను కౌలుకు పోయినా పెరడు మిగిలే ఉంది. పసిపిల్లలు, మేకలు పోని మూల రెండు ఆముదం చెట్లు పెంచి, కాయలు ఎండగానే తెంపి పైన దాచుకుంటే ఇంటిల్లిపాది కాళ్లకూ ఒక చలికాలం గడిచిపోతుంది. క్రీముకు పెట్టే డబ్బులు మిగులుతాయి. వంటాముదం తీయడం తెలిసిన అవ్వలు ఉండగానే, ఆ పని కోడళ్లు, మనవరాళ్లు పక్కన కూర్చుని నేర్చుకోవడం మంచిది.