శోకము – హృదయము

“గుండె పగిలినది” అని దుఃఖములో నున్నవారినిగూర్చి చెప్పుకొనుట మనకు వాడుక. ఇది వట్టి మాటతీరని నేనును చిరకాలము తలచితిని. కాని దుఃఖము, భయము, కోపము మొదలగు తీవ్రమైన మనఃక్లేశములచే హృదయకండరము నిజముగనే చెడి, ఆకారము మారునట్టి వ్యాధి యొకటి కలదనియు, అది మిక్కిలిగా వయస్సు మీరిన స్త్రీలకే వచ్చుచున్నదనియు వైద్యులు కనుగొనియున్నారు. అమ్మమ్మయో నాయనమ్మయో లేని యిల్లు మన విద్యార్థులలో బహు కొద్దిమందికే యుండును గనుక ఈ సంగతి నిచ్చట వ్రాయుచున్నాను.

1990వ సంవత్సరమున జపానుదేశమందలి హిరోషిమాలో హికారు సాటో అను వైద్యుడును, ఆయన సహచరులును ఈ వ్యాధిని వర్ణించి, దానికి “టాకోత్సుబో” అని పేరిడిరి. ఆ దేశపు జాలరులు ఆక్టోపసు అను ఎనిమిది చేతుల సముద్రజంతువును పట్టుటకు ఒకవిధమైన కుండను వాడుదురు. దాని అడుగు గుండ్రముగను, మెడ యిరుకుగను ఉండును. కుండను నీటిలోనికి దింపగా, ఆ జంతువు తనకు మంచి నివాసము దొరకినదని లోనికి దూరును. జాలరి త్రాడు పట్టి పైకి లాగును. రోగి గుండెయొక్క చిత్రమును చూచినప్పుడు, ఎడమ జఠరిక కొనభాగము ఉబ్బి, పైభాగము ముడుచుకొని, అచ్చముగా ఆ కుండవలె కనబడుటచే ఆ పేరు కలిగినది.

సాధారణమైన గుండెపోటులో జరుగునది వేరు. గుండెకు నెత్తురు చేర్చు ధమనిలో పేరుకొనిన క్రొవ్వు పగిలి, దానిపై నెత్తురు గడ్డకట్టి, దారి మూసికొనును. ఆ దారిపై ఆధారపడిన కండరము ఆహారము లేక చచ్చును. టాకోత్సుబోలో నన్ననో, అట్టి అడ్డు కానరాదు. మూత్రపిండములపై నుండు చిన్న గ్రంథులు ఆపత్కాలమున అడ్రినలిన్ అను పదార్థమును స్రవింపజేయును. నరములును అట్టి పదార్థములనే విడుచును. పరుగెత్తుటకో, పోరాడుటకో దేహమును సిద్ధపరచుట వీని పని. అవి యొక్కసారిగా వరదవలె పొంగినప్పుడు హృదయకండరము చావదు గాని మూర్ఛిల్లును. తగిన చికిత్స జరిగినచో కొన్ని దినములలోనో వారములలోనో చాలమందికి మరల తేరుకొనును.

2015లో ప్రకటింపబడిన అంతర్జాతీయ పట్టికలో 1,750 మంది రోగుల సంగతులున్నవి. వారిలో పదింట తొమ్మండుగురు స్త్రీలు. సగటు వయస్సు దాదాపు 67 ఏండ్లు. ఋతుస్రావము నిలిచిన పిదప ఈస్ట్రోజెన్ తగ్గుట ఇందులకొక కారణమని తలంతురు. అందరును దుఃఖితులే యనుకొనరాదు. మూడవవంతునకు మించినవారికి శస్త్రచికిత్సయో, మరియొక జబ్బో కారణమైనది. కొందరికి ఏ కారణమును కనబడలేదు. మిక్కిలి సంతోషము వలన పడినవారును కొలదిగా కలరు! ఇది తేలికజబ్బనియు తలపరాదు. ఆ పట్టికలో నూటికి నలుగురు ఆసుపత్రిలోనే మరణించిరి.

ఇక మా యింట జరిగినది చెప్పెదను. మా మామయ్యగారు గతించిన మరునాటి యుదయమున, బంధువులందరు కూడియుండగా, డెబ్బది దాటిన మా మేనత్తగారు “ఊపిరి యాడుట లేదు, వీపున నొప్పిగా నున్నది” అనిరి. అన్నము ముట్టలేదు గనుక వాయువని యొకరు, ఏడ్చి యేడ్చి సొమ్మసిల్లినదని మరియొకరు పలికిరి. వాము నమలుమంటిమి. సోడా తెప్పించితిమి, తెచ్చినవాడను నేనే. మధ్యాహ్నమువరకు అట్లే గడచినది. చెమటలు పోసి, పెదవులు తెల్లబడినపిమ్మట గాని ఆసుపత్రి మాట ఎవరికిని తోచలేదు. అచ్చటి వైద్యుడు ఇ.సి.జి. చూచి గుండెపోటనియే యెంచెను. నెత్తురులో ట్రోపోనిన్ కూడ హెచ్చియుండెను. ధమనులను ఆంజియోగ్రాముతో పరీక్షింపగా అవి తెరచియే యున్నవి. గుండె కొన మాత్రము కదలక ఉబ్బియుండెను. రెండు నెలలలో ఆమె కోలుకొనిరి. ఆ సోడాబుడ్డి మాత్రము నాకిప్పటికిని మరపునకు రాదు.

వైద్యుడే పరికరములు లేక తేల్చజాలని భేదమును ఇంటిలో మనము తేల్చబూనుట ఎంత సాహసము! అది టాకోత్సుబో కాక నిజమైన గుండెపోటే అయియుండిన, మేము పోగొట్టిన ప్రతి గడియకును కొంత కండరము చచ్చియుండెడిది. 2012లో అమెరికాలో వెలువడిన యొక పరిశోధననుబట్టి, ఆత్మీయులు మరణించిన తొలి దినమున గుండెపోటు కలుగు అవకాశము మామూలుకంటె సుమారు 21 రెట్లుండును; తరువాతి దినములలో క్రమముగా తగ్గును. అనగా చావు జరిగిన యిల్లే మిక్కిలి మెలకువతో నుండవలసిన యిల్లు. స్త్రీలకును ఎదనొప్పియే ముఖ్యలక్షణమైనను, వృద్ధులలో, విశేషించి మధుమేహము గలవారిలో, అది స్పష్టముగా లేక ఆయాసము, వికారము, చల్లని చెమట, దవడలోనో వీపునందో పొట్టపైభాగముననో నొప్పి, ఎన్నడు నెరుగని నిస్సత్తువ మాత్రమే ఉండవచ్చును. అట్టివేళ రోగిని నడిపింపక, మేడమెట్లు దింపింపక, కూర్చుండబెట్టి, 108కి టెలిఫోను చేయవలెను.

ఇంకొక సంగతి. శోకగృహములో పెద్దవారు రక్తపోటునకు, మధుమేహమునకు ప్రతిదినము మ్రింగు మాత్రలను మరతురు. అన్నమే సహింపనప్పుడు మందెవరికి గుర్తుండును? వచ్చినవారు ఓదార్చుటలోను, ఇంటివారు ఏర్పాట్లలోను మునిగియుందురు. ఆ మందులపెట్టె ఏ అలమరలో నున్నదో సాధారణముగా మనుమలకు తెలిసియుండును. అన్నము తిన్నపిదప వేసికొనునవి ఏవో అడిగి తెలిసికొని, కొంచెము గంజియో మజ్జిగయన్నమో తినిపించి, ఆ మాత్రలను వేళకు చేతికందించుట పండ్రెండేండ్ల బాలిక కూడ చేయగల పని.