భాగం 7: పోటీలు లేని కాలంలో బంతిపై అదుపు సాధించడం

7.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
- విరామ కాలంలో బంతి సాధన ఎందుకు అవసరమో వివరించగలుగుతారు.
- డ్రిబ్లింగ్‌లోని మౌలిక సూత్రాలను తెలుపగలుగుతారు.
- కోర్టు లేకపోయినా 20 నిమిషాల దినచర్యను రూపొందించుకోగలుగుతారు.

7.1 ప్రవేశిక

బాస్కెట్‌బాల్ ఒక విరామ కాలపు అవసరం నుంచి పుట్టిన ఆట. అమెరికాలో ఫుట్‌బాల్ పోటీలు ముగిసి, బేస్‌బాల్ ఇంకా మొదలుకాని చలి నెలల్లో విద్యార్థులను హాలులో ఆడించడానికి జేమ్స్ నైస్మిత్ 1891 డిసెంబరులో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో దీనిని రూపొందించారు. ఆయన రాసిన 13 నియమాలలో డ్రిబ్లింగ్ లేదు. బంతిని అందుకొన్న ఆటగాడు అక్కడి నుంచే దానిని విసరాలి. డ్రిబ్లింగ్ తరువాతి కాలంలో ఆటలో చేరింది. ఈనాడు అది రాని ఆటగాడు కోర్టులో నిలబడలేడు.

7.2 కొల్లేరు ప్రాంతంలో విరామ కాలం

బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరులు కొల్లేరులోకి నీటిని తెస్తాయి. ఆ నీరు సముద్రానికి చేరడానికి ఉప్పుటేరు ఒక్కటే దారి. అందువల్ల భారీ వర్షాలు కురిసినప్పుడు పల్లపు ప్రాంతాలలో నీరు రోజుల తరబడి నిలుస్తుంది. నల్లరేగడి నేల తడిస్తే బంతి లేవదు. ఎండి నెర్రెలిస్తే బంతి ఎటు పోతుందో తెలియదు. "కోర్టు ఆరలేదు, అందుకే సాధన ఆగింది" అనే మాట ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం దాకా మనం వింటూనే ఉంటాం.

జట్టు ఆటకు, షూటింగ్‌కు కోర్టు కావాలి. బంతిపై అదుపు సాధించడానికి మాత్రం నాలుగు అడుగులు వేయగలిగినంత గచ్చు చాలు. ఇంటి వరండా, బడి అరుగు, ధాన్యం ఆరబోసే సిమెంటు కళ్లం ఏదైనా పనికివస్తుంది. వానాకాలంలో గచ్చుకు పాచి పడుతుంది కాబట్టి ముందుగా రుద్ది కడగండి. వేసవిలో ఉదయం ఏడు గంటలలోపు గాని, పొద్దు వాలిన తరువాత గాని సాధన చేయండి.

7.3 విరామ కాలమే ఎందుకు?

నా విద్యార్థి దశలో నేను కుడి చేతితోనే డ్రిబ్లింగ్ చేసేవాడిని. ఒక కళాశాలల పోటీలో ప్రత్యర్థి ఈ సంగతి పసిగట్టి నా కుడివైపు దారి మూసి నిలబడ్డాడు. వరుసగా మూడుసార్లు బంతి పోగొట్టుకొన్నాను. ఆ పోటీల కాలమంతా ఎడమ చేతిని వాడే ధైర్యం చేయలేదు, ఎందుకంటే పోటీలో ప్రతి తప్పుకూ జట్టు మూల్యం చెల్లిస్తుంది. ఆ తరువాతి వర్షాకాలంలో మా ఇంటి వరండాలో ఎడమ చేతిని మొదటి నుంచి నేర్చుకొన్నాను. అక్కడ తప్పు చేస్తే బంతి వాకిట్లోకి దొర్లేది, అంతే. తప్పులు చేయడానికి అవకాశమున్న కాలం విరామ కాలమే.

7.4 మౌలిక సూత్రాలు

1. బంతిని అరచేతితో కొట్టరాదు. వేళ్లు విప్పి, వేళ్ల కొనల దగ్గరి మెత్తని భాగంతో కిందికి నెట్టాలి.
2. మోకాళ్లు వంచి, నడుము దించి నిలబడాలి. ప్రత్యర్థి దగ్గరగా ఉంటే బంతి మోకాలి ఎత్తు దాటరాదు.
3. చూపు ముందుకు ఉండాలి, బంతి మీద కాదు.
4. రెండో చేయి శరీరానికి ముందు అడ్డుగా ఉండాలి. అయితే దానితో ప్రత్యర్థిని నెట్టరాదు.
5. చేయి బంతి కిందికి వెళ్లి దానిని మోయడం, డ్రిబ్లింగ్ ఆపి మళ్లీ మొదలుపెట్టడం నియమోల్లంఘనలు.

పురుషులు 7వ సైజు, మహిళలు 6వ సైజు బంతి వాడాలి. 1.8 మీటర్ల ఎత్తు నుంచి వదిలినప్పుడు బంతి పై అంచు సుమారు 1.3 మీటర్లకు లేస్తే గాలి సరిపోయినట్లు.

7.5 దినచర్య: 20 నిమిషాలు

- 4 నిమిషాలు: తల, నడుము, మోకాళ్ల చుట్టూ బంతిని తిప్పడం, కాళ్ల మధ్య 8 అంకె ఆకారంలో తిప్పడం.
- 8 నిమిషాలు: ఒకే చోట గట్టిగా డ్రిబ్లింగ్. ఇందులో 5 నిమిషాలు బలహీనమైన చేతికే కేటాయించండి.
- 6 నిమిషాలు: ఒక చేతి నుంచి మరో చేతికి, కాళ్ల మధ్య నుంచి, వీపు వెనుక నుంచి బంతిని మార్చడం.
- 2 నిమిషాలు: ఒక మిత్రుడు ఎదురుగా నిలబడి వేళ్లు చూపిస్తుంటే, డ్రిబ్లింగ్ ఆపకుండా ఆ సంఖ్య చెప్పడం.

మొదటి వారం ఇదే వరుస పాటించండి. తరువాత వరుసను కలిపివేయండి. 1979లో షే, మోర్గాన్ అనే పరిశోధకులు చేతి కదలికల నేర్పుపై ఒక ప్రయోగం చేశారు. కదలికలను కలగలిపి సాధన చేసినవారు మొదట వెనుకబడ్డారు, కాని తరువాతి పరీక్షలో వారే ఎక్కువగా నిలుపుకొన్నారు. కాబట్టి సాధన తడబడుతూ సాగితే నిరాశ పడకండి.

ప్రతి ఆదివారం 30 సెకన్లలో ఎడమ చేతితో ఎన్ని డ్రిబుల్స్ చేశారో, ఎన్నిసార్లు బంతి జారిందో నోటుపుస్తకంలో రాసుకోండి.

7.6 సారాంశం

కోర్టు, జట్టు, శిక్షకుడు లేని రోజుల్లోనూ బంతిపై అదుపు పెంచుకోవచ్చు. విరామ కాలాన్ని వచ్చిన విద్యను ప్రదర్శించడానికి కాక, రాని చేతికి నేర్పడానికి వినియోగించాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. బలహీనమైన చేతి సాధనకు విరామ కాలం ఎందుకు అనుకూలం?
2. డ్రిబ్లింగ్‌లో అరచేతిని ఎందుకు వాడరాదు? బంతితో రెండు విధాలుగా ప్రయత్నించి, గమనించిన తేడా రాయండి.
3. మీ ఊరిలో వానాకాలంలో సాధనకు పనికివచ్చే రెండు స్థలాలను గుర్తించి, తీసుకోవలసిన జాగ్రత్తలు రాయండి.