లక్ష డాలర్ల మెలిక ఎవరికి?

విజయవాడ: ‘వీసాకు 88 లక్షలట!’ ఇంజినీరింగ్ చదివిన పిల్లలున్న కంకిపాడు, ఉయ్యూరు, గుడివాడ ఇళ్లలో 2025 సెప్టెంబరు తర్వాత ఈ మాట బాగా నలిగింది. అందులో నిజం సగమే. హెచ్‌-1బి కోసం దాఖలయ్యే కొత్త దరఖాస్తుపై లక్ష డాలర్ల రుసుము విధిస్తూ అమెరికా అధ్యక్షుడు ట్రంప్ ఆ నెల 19న ప్రకటన జారీ చేశారు. నాటి మారకం రేటులో అది దాదాపు 88 లక్షల రూపాయలు. అయితే దరఖాస్తు చేసేది అభ్యర్థి కాదు, ఉద్యోగమిచ్చే కంపెనీ. చెల్లించాల్సిందీ కంపెనీయే.

ఈ రుసుము అమెరికా వెలుపల ఉన్నవారి కోసం వేసే దరఖాస్తులకేనని, అక్కడే చదువుకుంటూ విద్యార్థి హోదా నుంచి హెచ్‌-1బికి మారేవారికి వర్తించదని అధికారులు అక్టోబరు 20న స్పష్టతనిచ్చారు. అంటే ఇక్కడి బీటెక్‌తో నేరుగా ఉద్యోగానికి వెళ్లే దారే ఇరుకైంది. ఎంఎస్ దారి తెరిచే ఉంది. అసలు చిక్కు అక్కడే.

కానూరులో 1977లో సిద్ధార్థ ఇంజినీరింగ్ కళాశాల ఆరంభమైంది. ఉమ్మడి రాష్ట్రంలో తొలి ప్రైవేటు ఇంజినీరింగ్ కళాశాల అదే. హెచ్‌-1బి 1990 నాటి చట్టంతో వచ్చింది. 2001 నుంచి 2003 వరకు ఏటా 1,95,000 వీసాలకు వీలుండేది. మన పల్లెల నుంచి సాఫ్ట్‌వేర్ వలస జోరందుకున్న కాలమది. 2004లో ఆ పరిమితి తిరిగి 65,000కు పడిపోయింది. అమెరికాలో ఎంఎస్ చేసినవారికి అదనంగా ఇచ్చే 20,000 కలిపినా, పోటీపడే వారి సంఖ్య ముందు అది చాలదు. అందుకే లాటరీ.

చదువు ముగిశాక ఓపీటీ కింద ఏడాది, సైన్స్, టెక్నాలజీ కోర్సులవారైతే మరో 24 నెలలు పని చేసుకోవచ్చు. ఈలోగా ఏటా మార్చిలో కంపెనీ పేరు నమోదు చేయాలి. ఒకే వ్యక్తి పేరు పలు కంపెనీల ద్వారా వేయించి అవకాశాలు పెంచుకునే ఎత్తుగడకు 2024లో తెరపడింది. ఎన్ని కంపెనీలు వేసినా ఒక పాస్‌పోర్టుకు ఒకే అవకాశం. 2025 డిసెంబరులో ఖరారైన నిబంధన మరో మెలిక పెట్టింది. పై వేతన స్థాయి వారి పేరు లాటరీలో నాలుగుసార్లు, అట్టడుగు స్థాయి వారి పేరు ఒక్కసారే చేరుతుంది. కొత్తగా చదువు ముగించిన వారికి ఇది దెబ్బే. లాటరీ తగలకుండా ఓపీటీ ముగిస్తే మరో హోదా చూసుకోవడానికో, దేశం విడవడానికో మిగిలేది 60 రోజులు.

ఇక్కడ బ్యాంకు లెక్క వేరు. విద్యారుణం 7.5 లక్షలు దాటితే సాధారణంగా హామీ అడుగుతారు. ఇంటి దస్తావేజులు బ్యాంకుకు చేరతాయి. కోర్సు ముగిసిన ఏడాదికల్లా వాయిదాలు మొదలవుతాయి. లాటరీ తగిలిందా లేదా అన్నది బ్యాంకుకు పట్టదు. చిలుకూరు బాలాజీకి 108 ప్రదక్షిణలు మొక్కుకున్నా ఈ లెక్క మారదు.

కళాశాల ఎంపికలో తొందరపాటు ఎంత ప్రమాదమో 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయం మూతపడినప్పుడు తెలిసింది. అక్కడి విద్యార్థుల్లో తెలుగువారే అధికం. కొందరి కాళ్లకు రేడియో ట్యాగులు తగిలించారు. 2019లో మిషిగన్‌లో అమెరికా అధికారులే వలపన్ని నడిపిన ఫార్మింగ్టన్ వర్సిటీ ఉదంతంలోనూ ఎక్కువగా పట్టుబడింది మనవారే.

చైనా 2025 అక్టోబరు 1 నుంచి యువ శాస్త్ర, సాంకేతిక నిపుణుల కోసం ‘కె’ వీసా తెచ్చింది. కంపెనీ ఆహ్వానం అక్కర్లేకపోవడం దాని ప్రత్యేకత. అయితే చేతిలో ఆ వీసా ఉంటే ఉద్యోగం ఉన్నట్టు కాదు.

హెచ్‌-1బి దరఖాస్తు రుసుము, న్యాయవాది ఖర్చు అమెరికా నిబంధనల ప్రకారం కంపెనీయే భరించాలి. ‘ఫైలింగ్’ పేరిట అభ్యర్థి నుంచి లక్షలు అడిగే కన్సల్టెన్సీ ఆ నిబంధనను మీరుతున్నట్టే.